గేటు మీద తువ్వాలు

నా నవలల్లో ఎవరూ గట్టిగా మాట్లాడరని అంటారు చదివినవాళ్లు. తగవు పడేవాళ్లు కూడా గొంతు దించి, పళ్లు బిగించి తిట్టుకుంటారట. ఎడ్లబండి పోతుంది గానీ గంటలు మోగవట. కుక్కలుంటాయి గానీ మొరగవట. ఎందుకలా రాశావమ్మా అని అడుగుతారు. అసలు రాసేది నేనా? మూడో తరగతి దాకా బడికి వెళ్లాను. సంతకం పెడతాను, బస్సు మీది బోర్డు కూడబలుక్కుంటాను, అంతే నా చదువు. నేను చెబుతుంటే పద్మ టీచరు రాస్తుంది. భిలాయిలోని ఈ ఖుర్సీపార్‌లో మా వెనక వీధిలోనే ఉంటుంది, తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. రెండు నవలలు ఇలాగే పుట్టాయి. మూడోది కూడా ఇలాగే చివరి పుట దాకా వచ్చింది. అక్కడితో అయిపోయిందనుకుని అచ్చువేసేవాళ్లకు పంపేశాం. అయిపోలేదని ఆ తర్వాత తెలిసింది.

ఆ నవల సగంలో ఉండగా మా ఆయన పోయాడు. ఆయనకు మెయిన్ రోడ్డు మీద సైకిళ్లు బాగుచేసే కొట్టు ఉండేది, దాని వెనకే మా ఇల్లు. ఆయనది పెద్ద గొంతు. కొట్టులోంచి "టీ!" అని కేకేస్తే మా పొయ్యి మీదా, పక్కింటి పొయ్యి మీదా నీళ్లు పడేవి. నేనేమో పక్కనున్న మనిషికి కూడా సగం మాటే అందేలా మాట్లాడతాను. పెంచి మాట్లాడదామంటే గొంతు గీరుకుపోయి, తుప్పు పట్టిన చైను లాగినట్టు వస్తుంది. సాయంత్రాలు కొట్టు గడపలో కూర్చుని నేను కథ చెబుతుంటే, పద్మ టీచరు రాసుకుంటుంటే, ఆయన చక్రం ఒళ్లో పెట్టుకుని స్పోకులు బిగిస్తూ వినేవాడు. నా మాట అందనప్పుడల్లా తలెత్తి, "ఇక్కడెవులు తొంగున్నారే? గట్టిగా సెప్పు!" అనేవాడు, నిద్రపోయేవాళ్లెవరూ లేరు కదా అన్నట్టు. పెళ్లైన కొత్తలో విసుక్కుంటూ అన్న మాట అది. ముసలివాళ్లమయ్యేసరికి ముద్దుగా అనేవాడు. ఆయన పోయిన రోజు నేను ఏడవలేదు. పెద్ద దినం దాకా ఉన్న చుట్టాలు వంటింట్లో చేరి, "కన్నీటి సుక్క రాల్లేదు సూడు, రాయిలాగుంది" అనుకున్నారు. వాళ్లు గుసగుసలాడుతున్నామనుకున్నారు. గుసగుసలు వినడంలో నన్ను మించినవాళ్లు లేరని వాళ్లకేం తెలుసు. ఇప్పుడు ఆ కొట్టులో ఫోన్ కవర్లు అమ్మే ఒకాయన అద్దెకుంటున్నాడు. పొద్దస్తమానం పాటలు పెడతాడు. అంత చప్పుడు పక్కనే ఉన్నా, మా ఇంట్లో ఫ్రిజ్ ఆగినప్పుడు ఆగిందని తెలిసిపోతుంది నాకు.

నా పుస్తకాలు అచ్చువేసే మేడమ్‌ది విజయనగరం. మంచి మనిషి, నా మాటకు ఎక్కడా రంగు పూయదు. ఆమె ఈమధ్య ఫోన్ చేసింది.

"అమ్మా, చివరి పుట దగ్గర ఆగిపోయానండీ. కన్నతల్లి పోయిందని కబురొస్తే ఆ కూతురు రొట్టెలు చేసుకుంటూ కూర్చుంటుందేంటి? మనవైపు ఆడవాళ్లు శోకాలు పెట్టకుండా ఉంటారా? చదివినవాళ్లు ఆమెకు మనసు లేదనుకుంటారు."

"అది జరిగిందే తల్లీ," అన్నాను.

"జరిగే ఉంటుందమ్మా. పుటలోకి రాలేదు. అచ్చుకు వెళ్లేలోపు ఇంకోసారి చూడండి."

నవలలో ఆ కూతురికి వేరే పేరు పెట్టాను గానీ ఆమె మా అమ్మ. అమ్మను చూసినవాళ్లు ఇప్పుడు ఈ ఊళ్లో నేను తప్ప ఎవరూ లేరు. రేపు ఆ పుస్తకం చదివినవాళ్లు వంటింట్లో మా చుట్టాలు నన్ను అన్నమాటే ఆమెను అంటారు కదా! కన్నతల్లిని నలుగురిలో నిలబెట్టి రాయిలాగుందనిపించడానికా ఇన్నాళ్లు కూర్చుని చెప్పింది? తప్పు అమ్మలో లేదు. నా చెప్పడంలో ఏదో తక్కువైంది. ఏది తక్కువైందో ఆ ఇల్లు చూస్తే తెలుస్తుందేమోనని, నేను పుట్టి పెరిగిన సెక్టర్ 6 క్వార్టరుకు బయల్దేరాను.

ఆటోలో కూర్చున్నంతసేపూ నైటు షిఫ్టు వారాలే కళ్ల ముందు. మా నాన్న శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి ఉక్కు ప్లాంటు కొత్తలో వచ్చి బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో చేరాడు. నైటు చేసి పొద్దున్నే సైకిలు మీద వచ్చేవాడు. ఆయనకంటే ముందు ఆయన వాసన వచ్చేది, కాలిన తారు వాసన, దాని కింద చెమట. సబ్బుతో రుద్దుకుంటే చెమట వాసన పోయేది, తారుది మాత్రం ఉండిపోయేది. చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని, చాప పరుచుకుని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆయన వీపు తిరగ్గానే అమ్మ ఆయన తువ్వాలు తీసుకెళ్లి గేటు గొళ్లానికి వేసేది. నిప్పురవ్వలు పడి అక్కడక్కడ చిల్లులు పడ్డ తువ్వాలు. అది గేటు మీద ఉందంటే లోపల మగమనిషి నైటు చేసి పడుకున్నాడని మా క్వార్టర్ల లైను మొత్తానికి లెక్క. పాత ఇనుము కొనేవాడు కేక మింగేసి ముందుకు పోయేవాడు. ఆకుకూరలు తెచ్చే ఛత్తీస్‌గఢీ ముసలమ్మ గేటు దగ్గర నిలబడి ఎర్ర తోటకూర కట్ట గాల్లోకి ఎత్తి చూపించేది. అమ్మ వేళ్లు చూపించేది. ముసలమ్మ అంత తక్కువకు ఇవ్వనని మూతి తిప్పేది. ఇద్దరూ మాట లేకుండా బేరమాడుకుని, మాట లేకుండా ఒకళ్లనొకళ్లు తిట్టుకుని, నవ్వుకుని విడిపోయేవాళ్లు.

ఆ వారమంతా మా పప్పుకు పోపు ఉండేది కాదు. ఆవాలు చిటపటలాడితే నాన్న లేస్తాడని అమ్మ ఉత్త పప్పు దించి మూత పెట్టేసేది. రుబ్బురోలు జోలికి వెళ్లేది కాదు. గిన్నె కడిగితే గుడ్డ మీద బోర్లించేది. మధ్యాహ్నం రెండో షిఫ్టు సైరను కొట్టాక నాన్న లేచేవాడు. అమ్మ అప్పుడు మూకుడు పెట్టి నూనె పోసేది. ఇప్పటికీ పోపు వాసన వస్తే నాకు ముందు గుర్తొచ్చేది తిండి కాదు, నాన్న లేచాడని.

సైరను కొట్టేదాకా తమ్ముడినీ చెల్లెలినీ నోరు మెదపకుండా కాయడం నా పని. పెరట్లో కుళాయి పక్కన గట్టు మీద ఇద్దర్నీ చెరోవైపు కూర్చోబెట్టుకుని చెవుల్లో కథ చెప్పేదాన్ని. ఆ కథలకు ఒకటే షరతు. నవ్వు రాకూడదు, భయం వేయకూడదు, ఏడుపు అసలే రాకూడదు. ఏదొచ్చినా నాన్న లేస్తాడు. చెల్లెలి పొట్ట నవ్వుకు కదలడం నా మోచేతికి తెలిసేది. తెలియగానే కథను పక్కకు తిప్పేసేదాన్ని. దయ్యం వచ్చేలోపు తలుపేసేసేదాన్ని. రాజు చచ్చిపోబోతుంటే వైద్యుణ్ని పంపేదాన్ని. మరీ చప్పగా చెబితే తమ్ముడు లేచి పరుగెడతాడు, కాబట్టి చప్పగానూ ఉండకూడదు. మీరు నా పుస్తకాలు చదివి ఉంటే, ఏదో ముంచుకొచ్చేలా ఉండి పక్కనుంచి పోతుందే, అది ఆ గట్టు మీద నేర్చుకున్నది.

ఊరు కూడా అలాగే వచ్చింది నాకు. నా మొదటి నవలలో పల్లె చూసి, పుట్టిన ఊరిని ఎంత బాగా గుర్తుపెట్టుకున్నావమ్మా అన్నారు. నేను ఆ ఊళ్లో పుట్టలేదు. అమ్మ నాకు తల దువ్వుతూ చెవి దగ్గర చెప్పిన ఊరది. తంపట వేసిన వేరుశనక్కాయల వాసన, కొత్త గడ్డివాము వాసన, వాళ్లమ్మ చుట్ట కాల్చిన చీర కొంగు వాసన, అన్నీ ఊపిరితో పాటు చెవిలోకి వచ్చేవి. చప్పుళ్లు మాత్రం రాలేదు. గుసగుసలో చెప్పిన ఊరికి చప్పుడెక్కడిది? తర్వాత మొదటిసారి ఆ ఊరు వెళ్లినప్పుడు చెవులు మూసుకున్నాను. ఈ చేనులోంచి ఆ చేనులోకి కేకలు, ఒకే మంచం మీద కూర్చున్నవాళ్లు కూడా కేకలు. "అమ్మా, ఈళ్లందరూ తగవులాడుకుంటన్నారేటే?" అని అడిగితే, మా పెదమామ్మ పగలబడి నవ్వి, "ఈ గుంటకి మాటలు రావేటి, బిలాయిలో గొంతు ఊదేసినారేటి?" అంది.

ఆ ప్రయాణానికి కారణమైన రోజే నా నవల చివరి పుట. నాన్న నైటు చేసి వచ్చి పడుకున్నాడు. అమ్మ పెరటి గడపలో కూర్చుని నాన్న రాత్రి డబ్బాలోకి రొట్టెల పిండి కలుపుతోంది. మా మావయ్య, అమ్మ తమ్ముడు, చెప్పాపెట్టకుండా పెరటివైపు నుంచి వచ్చాడు. రైలు దిగి నేరుగా వచ్చాడేమో, గడ్డం మాసి ఉంది. ముందు వాకిలివైపు వచ్చి ఉంటే తువ్వాలు చూసినా వాడికి అర్థమయ్యేది కాదు. అక్కను చూడగానే రెండు చేతులూ పైకెత్తి "అప్పా..." అని నోరు తెరిచాడు. అమ్మ ఒక్క గెంతులో లేచి పిండి చేత్తో వాడి నోరు మూసేసింది.

"అరవకురా. బావ తొంగున్నాడు."

మావయ్య కళ్లు అమ్మ చేతి మీదుగా గుండ్రంగా తిరగడం చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకున్నాను, అలవాటు కదా. వాడు అమ్మ చెయ్యి తీసి, చెవిలో చెప్పాడు.

"అమ్మ ఎల్లిపోనాది అప్పా."

అమ్మ వాడి మొహం వైపు చూసింది, లోపలి గది తలుపు వైపు చూసింది. మళ్లీ గడపలో కూర్చుంది. వాడి మీసాల మీద పిండి అలాగే ఉంది. ఎలా తెలిసిందో లైనులో ఆడవాళ్లకు తెలిసిపోయింది. ఒక్కొక్కళ్లే చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి గోడ వెంట కూర్చున్నారు. ఒకావిడ అమ్మ భుజం మీద చెయ్యి వేసి, "లేపవే ఆడ్ని. అత్త పోతే అల్లుడు తొంగుంటాడేటి?" అంది. పక్కింటి సూరమ్మ పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. వాళ్లింట్లో పెళ్లయినప్పుడు పెద్దనాన్న పగలంతా నిద్ర లేకుండా రాత్రి డ్యూటీకి బయల్దేరి, దారిలో సైకిలు మీదే కునుకు పట్టి కల్వర్టులో పడ్డాడు. అప్పట్నుంచీ కర్ర పట్టుకునే నడిచేవాడు.

"ఈ రేతిరి మళ్లా డూటీకి ఎల్లాల. సైరను కొట్టనీ," అంది అమ్మ.

అంతే. ఆడవాళ్లందరూ కొంగులు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు, వీపులు మాత్రం ఊగుతున్నాయి. అమ్మ రొట్టెలు ఒత్తుతోంది. డబ్బాకు సరిపడా అయ్యాయి, ఇంటికి సరిపడా అయ్యాయి, ఇంకా ఒత్తుతూనే ఉంది. పిండి అయిపోతే మళ్లీ కలిపింది. ఎవరూ ఆపలేదు. నన్ను చూసి కంటితో పిల్లల్ని చూపించింది. నేను వాళ్లను గట్టు మీదికి తీసుకెళ్లి కథ మొదలుపెట్టాను. మూట పట్టుకుని రైలెక్కిన ఒక ముసలమ్మ కథ. మావయ్య కూడా వచ్చి మా పక్కన కూర్చున్నాడు. "ఆ ముసలి ఎక్కడ దిగుతాదే?" అని తమ్ముడు చెవిలో అడుగుతాడు. "ఇంకా స్టేషను రాలేదు," అని నేను. మావయ్య మోకాళ్లలో తల పెట్టుకుని వింటున్నాడు. నా పుస్తకం అక్కడ ఆగింది. రొట్టెల దొంతర, ఊగే వీపులు, రాని స్టేషను.

ఇన్నేళ్లకు ఆ గేటు ముందు ఆటో దిగాను. గేటు మారింది, గోడకు రంగు మారింది, తువ్వాలు లేదు. కాలింగ్ బెల్ మీద ప్లాస్టరు అతికించి ఉంది. తలుపు మీద వేలితో తట్టబోతుంటే అదే తెరుచుకుంది. నైటీ మీద చున్నీ వేసుకున్న అమ్మాయి నోటి మీద వేలు పెట్టి, నన్ను చూసి, పెరటి దారి చూపించింది. నా కాళ్లకు ఆ దారి తెలుసు.

"సారీ ఆంటీజీ. మావారు నైట్ చేసి వచ్చారు, సో రహే హైఁ, నిద్రలో ఉన్నారు," అంది పెరట్లోకి వచ్చాక, గొంతు దించి.

నేను తెలుగులో చెప్పాను, ఇది ఒకప్పుడు మా ఇల్లని. ఆ అమ్మాయి పేరు సరిత. మనవాళ్లే. తాత బొబ్బిలి దగ్గరి నుంచి వచ్చాడట. "నాకు తెలుగు థోడా థోడా వస్తది ఆంటీ. మీరు బోలియే, సమఝ్ అవుతది," అంది. నేను రచయిత్రినంటే నవ్వింది. "అరే వాహ్! ఇంత మెల్లగా మాట్లాడతారు, అంత పెద్ద పుస్తకమా?" అంది. ఇద్దరం గుసగుసల్లోనే నవ్వుకున్నాం. అంత హాయిగా నేను ఎవరితోనూ మాట్లాడి చాలా కాలమైంది. నా గొంతుకు సరిపడే ఇల్లు ప్రపంచంలో ఇంకా ఒకటి ఉందనిపించింది.

గట్టు లేదు, కుళాయి ఉంది. అక్కడ కుర్చీలో ఆమె కూతురు చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోన్‌లో బొమ్మలు చూసుకుంటోంది. ఆ పిల్లకు చెవిలో కథ చెప్పేవాళ్ల అవసరం లేదు. మా ఇంట్లో అప్పట్లో అలాంటిది ఒకటి ఉంటే నేను నవలలు చెప్పేదాన్నే కాదేమో. పోపు గురించి అడిగాను. "హాఁ ఆంటీ, వాళ్లు లేచాకే తడ్కా," అంది. నేను గడపలో, అమ్మ కూర్చున్న చోటే కూర్చున్నాను. గది తలుపు చెయ్యి చాపితే అందేంత దగ్గర. అంత దగ్గర్లో కూర్చుని ఒక మనిషి తల్లి చావును నోట్లోనే పెట్టుకుందా అనిపించింది.

అంతలో లోపల ఫోన్ అలారం మోగింది. మగమనిషి దగ్గాడు. ఒక్కసారిగా ఇల్లు మొత్తం తెరుచుకుంది. పాప తీగలు పీకేసి "పాపా ఉఠ్ గయే!" అని, నాన్న లేచాడని అరుస్తూ లోపలికి పరుగెత్తింది. టీవీ మోగింది. ప్రెషర్ కుక్కర్ మూత ఠంగుమంది. అప్పటిదాకా ఊపిరితో మాట్లాడిన సరిత వంటింట్లోంచి, "ఏవండీ! ఆంటీ వచ్చారు, చొక్కా వేసుకుని రండీ!" అని వీధంతా వినపడేలా కేకేసింది. నూనెలో ఆవాలు చిటపటలాడాయి.

ఆ చిటపటలో నాకు మిగతా రోజు వినపడింది. మర్చిపోయిందేమీ కాదు. భయపడి తల దాచుకున్న చోట అది.

ఆ రోజు సైరను కొట్టింది. అమ్మ చేతిలో రొట్టె పెనం మీద వేయకుండా పక్కన పెట్టింది. లేచి, చేతులు కడుక్కుని, ఇంటి పక్కనుంచి గేటు దగ్గరికి నడిచింది. గొళ్లం మీది తువ్వాలు తీసింది. దాంతో మొహం తుడుచుకుంది. అప్పుడు నోరు తెరిచింది. అమ్మకు అంత గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. గోడ వెంట ఉన్న ఆడవాళ్లందరూ కొంగులు నోట్లోంచి తీసి ఒకేసారి అందుకున్నారు. వీధిలో పోయే సైకిళ్లు ఆగిపోయాయి. ప్లాంటులో ఏదో పేలిందనుకుని నాన్న లుంగీ చేత్తో పట్టుకుని బయటికి పరుగెత్తుకొచ్చాడు. మావయ్యను చూశాడు, అర్థమైంది. "పొద్దున్నించీ ఉన్నాడేటే ఈడు? నన్ను లేపలేదేటే?" అన్నాడు. అమ్మ ఏడుపు ఆపకుండానే తువ్వాలు ఆయన భుజం మీద వేసింది. నేను తమ్ముడి చెవులు ఒక చేత్తో, చెల్లెలి చెవులు ఒక చేత్తో మూశాను. నావి మూసుకోవడానికి చేతులు లేక, వాళ్ల తలల మధ్య తల దూర్చాను.

నేను పట్టుకుని బతికింది అమ్మ చెయ్యి మావయ్య నోటి మీద పడిన ఘడియనే. తువ్వాలు తీసిన ఘడియను వదిలేశాను. ఆ ఇంట్లో మౌనానికి రోజూ ఒక చివర ఉండేది. సైరను కొట్టేది, నాన్న లేచేవాడు, పోపు పడేది. నా పుస్తకాల్లో ఎవరూ లేవలేదు. సరిత ఇంట్లో అలారం ఉంది. మా ఇంట్లో ఇప్పుడు లేచేవాళ్లు ఎవరున్నారని? పడుకున్నవాళ్లు కూడా లేరు. అయినా నేను అడుగులు నెమ్మదిగా వేస్తున్నాను, గిన్నెలు గుడ్డ మీద బోర్లిస్తున్నాను.

ఆ సాయంత్రమే పద్మ టీచరును పిలిచాను. కాగితాలు తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. సైరను దాకా చెప్పాను, గేటు దాకా చెప్పాను, తువ్వాలు చెప్పాను. రాసుకుంటూ పోయింది. అమ్మ నోరు తెరిచిందన్న దగ్గర నేను ఆగాను.

"ఏమని ఏడ్చింది?" అంది టీచరు.

చెప్పాను. ఆమె కాగితం మీంచి తల ఎత్తకుండా, "వినపడలేదమ్మా. గట్టిగా చెప్పు," అంది.

అన్నాక ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. ఆ మాట ఆ గదిలో ఎవరిదో ఇద్దరికీ తెలుసు. టీచరు తల దించుకుంది. నేను లేచి, ఆయన పోయినప్పట్నుంచీ మూసి ఉంచిన కొట్టువైపు తలుపు గడియ తీశాను. అవతల పాటలు మోగుతున్నాయి. గొంతు గీరుకుపోతే పోనీ అనుకున్నాను.

"ఓలమ్మో, నన్ను దూరబ్బూమికిచ్చి నువ్వు దగ్గిర దారి సూసుకున్నావా అమ్మా! నాను రొట్టెలొత్తుకుంతన్న పూట నువ్వు రైలెక్కిపోనావా అమ్మా!"

టీచరు ఆ రెండు వరుసలూ రాసింది. అవే ఇప్పుడు పుస్తకం చివర ఉన్నాయి. మేడమ్ చదివి, ఇంకేం మార్చొద్దమ్మా అని మాత్రం అంది. మూడో వరుస నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. అది అమ్మది కాదు.

"టీ అని నువ్వు కేకేస్తే నాలుగిళ్లు పలికేవి గదా మావా, ఒక్కసారి కేకెయ్యి మావా!"

టీచరు కలం కింద పెట్టేసింది. ఫోన్ కవర్ల ఆయన పాట ఆపి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పక్కింటివాళ్లు వచ్చారు, ఎదురింటి దీదీ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. ఎవరో నీళ్లు తెమ్మంటున్నారు, ఎవరో ఊరుకోమంటున్నారు. నేను ఊరుకోలేదు. ఇక్కడెవరూ పడుకుని లేరు.